తెలిసిన పిమ్మట ఇరువది వారములు

ఐదవ నెలలో గర్భిణికి చేయించు టిఫా స్కాన్ నేడు నగరములకే పరిమితము గాక చిన్న పట్టణముల నర్సింగ్ హోములకును విస్తరించి, తెలంగాణలో 2022 చివరినుండి పెక్కు ప్రభుత్వాసుపత్రులలో సైతము ఆ యంత్రములు నెలకొనినందువలన, ఇదివరకు పురిటిగదిలో ఒక్కసారిగా చూచి అందరును నివ్వెరపోవు శిశులోపములు పెక్కు ఇప్పుడు నాలుగైదు నెలలు ముందుగానే తెలియవచ్చుచున్నవి. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని తెలియుట వేరు, తెలిసినదానిని శిశువునకు అక్కరకు వచ్చునట్లు చేసికొనుట వేరు. శిశువు పొట్టగోడ పూర్తిగా మూసికొనలేదనియు, ప్రేగులు వెలుపల నున్నవనియు రెండు పంక్తులు వ్రాసి కాగితము చేతికిచ్చినంతనే తమ విధి తీరినదని వైద్యులు తలచుటయు, ఆ కాగితముతో దంపతులు ఎవరిని అడుగవలెనో తెలియక, అడిగినవారెల్ల తలకొక మాట చెప్పగా, చివరకు బంధువులలో గట్టిగా మాటాడువాని మాటకే లోబడుటయు నాకు దుస్సహముగా తోచుచున్నవి. స్కాన్ నాటికిని ప్రసవమునకును నడుమ ఇంచుమించు 20 వారముల వ్యవధి యున్నది. ఆ శిశువు బ్రతుకు యంత్రముయొక్క సూక్ష్మదృష్టిపై కంటె, ఆ 20 వారములను మనము వినియోగించుకొను తీరుపైననే హెచ్చుగా ఆధారపడియున్నదని నా దృఢాభిప్రాయము.

వ్యాధిస్వరూపమును గూర్చి ముందు కొంత విపులముగా చెప్పక తప్పదు. ఏలయనగా మన యిండ్లలో "ప్రేగులు బయట ఉన్నాయట" అను ఒక్క వాక్యముతో చెప్పుకొను సంగతి నిజమునకు రెండు భిన్నములైన లోపములకు సంబంధించినది. గర్భమున ఆరవ వారము మొదలుకొని ప్రేగులు శరీరముకంటె వేగముగా పెరుగును. అప్పటి యుదరమున వానికి చోటు చాలక, బొడ్డుతాడు మొదటిలోనికి వెలువడి, అక్కడనే మెలితిరుగుచు పెరిగి, 10వ వారము మొదలు 12వ వారము లోపల మరల లోనికి చేరుకొనును. ఇది ప్రతి మానవశిశువునందును జరుగు సహజక్రియ. అందుచేతనే 12 వారములు నిండకమునుపు తీసిన స్కాన్‌లో ప్రేగులు మాత్రమే బొడ్డుకడ వెలుపల కన్పించినచో దానిని లోపమని నిర్ణయింపరాదు. కొన్నాళ్లు ఆగి మరల చూడవలెను.

అట్లు వెలువడిన ప్రేగులు లోనికి మరలక బొడ్డుతాడు మొదటనే నిలిచిపోయి, ఒక్కొక్కప్పుడు కాలేయము సైతము అందు చేరి, పైన పలుచని పొరతో కప్పబడియుండుటను ఒంఫలోసీల్ అందురు. గాస్ట్రోస్కైసిస్ అనునది వేరు. ఇందు బొడ్డుతాడు తన చోట సక్రమముగనే యుండును; దాని ప్రక్కన, చాలవరకు కుడివైపున, పొట్టగోడలో చిన్న రంధ్రమేర్పడి, అందుండి ప్రేగులు ఏ పొరయు ఆచ్ఛాదనము లేక ఉమ్మనీటిలో నేరుగా తేలియాడుచుండును. నెలల తరబడి ఆ నీటి తాకిడికి అవి ఉబ్బి, దళసరియై, ఒకదానితో నొకటి అంటుకొనును. రెండును అరుదైనవే, 2,000 మొదలు 5,000 జననముల వరకు ఒకటి చొప్పున కన్పించును. కాని కాన్పుల సంఖ్య లక్షలలోనుండు రాష్ట్రములలో ఇట్టి యరుదైన లోపము సైతము ఏటేటా పెక్కు కుటుంబములను తాకక మానదు.

ఇక్కడ ప్రజలు తప్పక గ్రహింపవలసిన విశేషమొకటి యున్నది. చూపునకు ఘోరముగానుండు గాస్ట్రోస్కైసిస్‌లో శిశువుయొక్క తక్కిన యవయవములు చాలవరకు నిర్దుష్టములు. క్రోమోజోముల దోషము దానికి తోడగుట మిక్కిలి యరుదు. ప్రేగులలో కొంతభాగము మూసికొనిపోవుట మాత్రము పదిమందిలో ఒకరికి కలుగవచ్చును. పొరచాటున నుండుటచే చూపునకు సౌమ్యముగా తోచు ఒంఫలోసీల్‌లోనన్ననో, ఇంచుమించు సగముమందికి వేరొక యంగమున లోపముండవచ్చును. గుండెలోపములు అందు ముఖ్యములు. 13వ, 18వ క్రోమోజోములు రెండుండవలసినచోట మూడుండుటయు కలదు; అట్టి శిశువులు, పొట్ట ఎంత చక్కగా మూసినను, చిరకాలము జీవించుట దుర్లభము. నాలుక పెద్దదై, పుట్టినవెంటనే రక్తములోని చక్కెర పడిపోవు బెక్విత్-వీడెమన్ లక్షణములు కొందరియందు కన్పించును. వానిని మొదటి గంటలలోనే కనిపెట్టకున్నచో, పొట్ట బాగుపడియు మెదడు దెబ్బతినిన బిడ్డ ఇంటికి చేరును. కావున పొర యున్నదా లేదా, కాలేయము వెలుపల నున్నదా, బొడ్డుతాడు ఎచ్చట కలిసియున్నది, గుండె యెట్లున్నది అను ప్రశ్నలకు సమాధానము లేని స్కాన్ రిపోర్టు, ఎన్ని రంగుల చిత్రములతో నిండియున్నను, అసంపూర్ణమైనదే. గుండెకు వేరుగా స్కాన్ చేయించుటయు, ఒంఫలోసీల్ అయినచో ఉమ్మనీరు తీసి క్రోమోజోముల పరీక్ష చేయించుటయు ఆ తరువాతి మెట్లు.

బ్రతుకు అవకాశమును గూర్చి 2021లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన అధ్యయనము, 74 దేశములలోని 264 ఆసుపత్రులలో జన్మలోపములతో చేరిన శిశువుల గతిని పరిశీలించినది. గాస్ట్రోస్కైసిస్ శిశువులలో సంపన్నదేశములయందు మృతి చెందినవారు నూటికి 1.4, మధ్యస్థాదాయ దేశములలో 31.9, నిరుపేదదేశములలో 90. ఈ కడపటి లెక్క పదిమంది శిశువులకు మాత్రమే సంబంధించినది గనుక దానిని అక్షరశః పట్టుకొనవలసిన పని లేదు; కాని మన దేశము చేరు నడిమి కోవలో లెక్కింపబడినవారు 304 మంది. ఒకే లోపము, ఒకే రంధ్రము, ఒకే ప్రేగు. ఒకచోట నూరుమందిలో తొంబదెనిమిదిమంది బ్రతుకుచుండగా, మరియొకచోట మూడవవంతు మరణించుచున్నారు. మన శస్త్రవైద్యుల హస్తకౌశలము తక్కువ యగుటవలన ఈ తేడా వచ్చినదని నేను నమ్మను. బిడ్డ వారి చేతికి ఏ స్థితిలో చేరుచున్నదో, చేరిన పిమ్మట వారముల తరబడి ఎవరు ఎట్లు పోషించుచున్నారో అందే ఈ యంతరమంతయు దాగియున్నది.

ఈ లోపముల చికిత్సాచరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1943 ప్రాంతమున అమెరికాలో వాట్కిన్స్ అను వైద్యుడు గాస్ట్రోస్కైసిస్ శిశువును శస్త్రచికిత్సతో బ్రతికించెను. అయినను ఆ పిమ్మట పెక్కేండ్లవరకు ఈ శిశువులలో అధికసంఖ్యాకులు మరణించుచునే యుండిరి. ఉబ్బిన ప్రేగులను చిన్నపొట్టలోనికి బలవంతముగా నెట్టి కుట్టినచో ఊపిరి సలుపకయు, మూత్రపిండములకు రక్తమందకయు బిడ్డ మరణించును. 1967లో షూస్టర్ అను శస్త్రవైద్యుడు, ప్రేగులను తాత్కాలికముగా కృత్రిమమైన ఆచ్ఛాదనములో నుంచి క్రమక్రమముగా లోనికి పంపు పద్ధతిని ప్రకటించెను. నేడు సైలో అని పిలువబడు సంచి దానినుండి పుట్టినదే. ఆ సంచిని శిశువుపైన నిలువుగా వ్రేలాడగట్టి, ప్రతిదినమును కొంచెము కొంచెముగా కుదించుచు పోయిన, కొలది దినములలో ప్రేగులు తమ బరువుతోనే లోనికి జారును. మరుసటి సంవత్సరమే, ప్రేగులు పనిచేయని శిశువును సిర ద్వారా పోషకద్రవములెక్కించి పెంచవచ్చునని డుడ్రిక్, విల్మోర్ మున్నగువారు ఫిలడెల్ఫియాలో నిరూపించిరి. గాస్ట్రోస్కైసిస్ ప్రేగు, లోనికి చేరినను, వెంటనే జీర్ణము చేసికొనజాలదు. అది కోలుకొనుటకు వారములు పట్టును. ఆ వారములు బిడ్డను ఆకలికి చావనీయకుండ నిలిపినది ఈ రెండవ ఆవిష్కరణము. కత్తికంటె సంచియు, సంచికంటె సిరద్వారా పోషణమును ఎక్కువమందిని బ్రతికించినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

మన దేశమున సిద్ధముగా చేసిన సిలికాన్ సంచులు ఖరీదైనవగుటచే, క్రిమిరహితముగా చేసిన సెలైన్ సంచిని, మూత్రపు సంచిని కత్తిరించి కుట్టి అదే పనికి వినియోగించి శిశువులను రక్షించిన పిల్లల సర్జన్లు ఉన్నారు. వారిని తలచినపుడు నాకు గౌరవము కలుగుచున్నది. ఒంఫలోసీల్ మిక్కిలి పెద్దదైనపుడు తొందరపడి కోయకయే, పొరపైన క్రిమినాశకమైన పూత పూయుచు నెలల తరబడి వేచియున్నచో, దానిపై చర్మము తనంతట తానే ప్రాకివచ్చును. మిగిలిన వాపును బిడ్డ పెరిగిన పిమ్మట సరిచేయుదురు. ఇందుకు కావలసినది ఓపికయు, తల్లికి నేర్పు నర్సును. అంతకుమించిన యంత్రసామగ్రి కాదు.

మరి స్కాన్‌గదిలో మన దంపతులు వినుచున్న మాట యేది? "వయసులో ఉన్నవాళ్ళు, ఈ కాన్పు తీయించుకోండి, మళ్ళీ పుడతారు" అనునది సర్వసాధారణముగా వినబడు సలహా. గర్భము నుంచుకొనుటయో మానుటయో ఆ స్త్రీ నిర్ణయింపవలసిన విషయము. ఆమె నిర్ణయమేదైనను దానిని నిందించు హక్కు ఇరుగుపొరుగులకు లేదు. 2021లో సవరింపబడిన చట్టము ప్రకారము, శిశువునకు తీవ్రవైకల్యమున్నదని వైద్యమండలి నిర్ధారించినచో 24 వారములు దాటిన పిమ్మట సైతము గర్భస్రావమునకు అనుమతి కలదు. అనగా గడువు మించిపోవునను భయముతో ఒక్క పూటలో తేల్చుకొనవలసిన పని లేదు. 18వ క్రోమోజోము దోషముతో కూడిన ఒంఫలోసీల్ విషయమున తల్లి గర్భము వలదనుకొనినచో ఆ దుఃఖము నేనర్థము చేసికొనగలను. కాని తక్కిన యంగములన్నియు సలక్షణముగానున్న గాస్ట్రోస్కైసిస్ శిశువును, తగిన చికిత్స అందినచో అందరు పిల్లలవలెనే పెరిగి బడికి పోగల శిశువును, ఆ సంగతి ఎవరును చెప్పకపోవుటచే కోల్పోయిన తల్లిని స్వేచ్ఛగా నిర్ణయించుకొనినదని ఎట్లు అనగలము? స్కాన్ తీసిన వైద్యునితోపాటు, శస్త్రచికిత్స చేయవలసిన పిల్లల సర్జన్‌తో ఆ దంపతులు ఒక్కసారియైనను ఎదురెదుట కూర్చుండి మాటాడకమునుపు ఏ నిర్ణయమును అడుగరాదు. ఇది నియమముగా నుండవలెనని నా కోరిక.

ఇక నింద సంగతి. గ్రహణమునాడు కత్తి పట్టినదనియు, ఆకు త్రుంచినదనియు, పెద్దల మాట పెడచెవిని పెట్టి వీధిలోనికి వచ్చినదనియు, ఇట్టి బిడ్డను మోయుచున్న కోడలిని ఆడిపోసికొను ఆచారము నేటికిని పూర్తిగా సమసిపోలేదు. పొట్టగోడ మూసికొనుట, మూసికొనకపోవుట గర్భము నిలిచిన తొలి రెండు మూడు నెలలలోనే తీరిపోవు వ్యవహారము. చాలమంది స్త్రీలు గర్భవతులమని గట్టిగా నమ్మునాటికే అది ముగియవచ్చును. గ్రహణమునకు దీనితో సంబంధము లేదు. తల్లి తిన్నదానికిని, ఎత్తిన బిందెకును లేదు. అయితే ఒక సంబంధమును వైద్యశాస్త్రము పదేపదే గుర్తించినది: గాస్ట్రోస్కైసిస్ పిన్నవయస్కులైన తల్లుల శిశువులలో, విశేషించి 20 ఏండ్లు నిండని తల్లుల శిశువులలో, ఎక్కువగా కన్పించును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినది వినుడు. 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయియుండిరి. బాలిక మెడలో తాళి కట్టించిన పెద్దలే, ఆమె బిడ్డకు లోపము వచ్చినదని ఆమెనే దూషించుట ఎంతటి అన్యాయము!

అన్నిటికంటె నన్ను కలవరపెట్టునది ప్రసవస్థానమును గూర్చిన అశ్రద్ధ. మన యాచారము ప్రకారము తొలికాన్పు పుట్టింట జరుగవలెను. హైదరాబాదులో కాపురముండి, అక్కడనే ఐదవ నెల స్కాన్ చేయించుకొనిన యువతి, ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో పసుపు కుంకుమలతో, చీరెసారెలతో ప్రకాశము జిల్లాలోని పల్లెకో, పాలకొండ సమీపమునకో పురిటికి పోవును. ఆమెతో ఫైలు పోదు. పోయినను అక్కడి వైద్యురాలు కొత్తది. అత్తవారు పుట్టింటివారికి సంగతి చెప్పక దాచియుండవచ్చును. వియ్యంకుల నడుమ మాట పట్టింపు వచ్చునేమోనని తల్లియే నోరు మెదపకుండవచ్చును. నొప్పులు వచ్చిన రాత్రి దగ్గరనున్న నర్సింగ్ హోములో కాన్పు జరుగును. బిడ్డను చూచి అందరును హడలిపోవుదురు. తెల్లవారిన పిమ్మట అంబులెన్సు బయలుదేరును. పుట్టింటి మమకారము మన స్త్రీలకు గొప్ప యూరట. దానిని నేను తక్కువ చేయను. కాని ఇట్టి శిశువును మోయుచున్న స్త్రీకి పుట్టిల్లు ఆ కొలది వారములు పిల్లల సర్జన్ ఉన్న ఊరికే తరలిరావలెను. అమ్మయు, నాయనయు, వంటపాత్రలును అక్కడికే వచ్చి ఒక గది అద్దెకు తీసికొనుట కష్టసాధ్యమేమియు కాదు. ఎంత ఖరీదైన అంబులెన్సులోని పెట్టెయైనను, శిశువును మోసికొనిపోవుటకు తల్లిగర్భమంత క్షేమమైన చోటు కాజాలదు.

పెద్దాపరేషను చేసినగాని ఇట్టి బిడ్డ బ్రతుకదను భ్రమయు కలదు. కాలేయము వెలుపల నున్న పెద్ద ఒంఫలోసీల్ వంటివి తప్ప, పొట్టగోడ లోపమొక్కటే సిజేరియన్‌కు కారణము కాదు; గాస్ట్రోస్కైసిస్ శిశువు సహజప్రసవమున సురక్షితముగా పుట్టగలడు. కావలసినదెల్ల చివరి వారములలో శిశువుయొక్క ఎదుగుదలను, గుండెచప్పుడును తరచు కనిపెట్టుచుండుట. ఈ శిశువులలో కొందరు చివరి దినములలో కడుపులోనే మరణించు ప్రమాదమున్నది గనుక ఆ జాగ్రత్త విడువరాదు.

అంతయు జాగ్రత్తగా నడపినను, దూరప్రదేశమున అకస్మాత్తుగా కాన్పు జరుగవచ్చును. అట్టిచోట మొదటి గంటలో చేయవలసినది ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోని ప్రతి నర్సుకును కంఠస్థమై యుండవలెను. బిడ్డ ఒంటిని వెచ్చగా నుంచవలెను. వెలుపలి ప్రేగులనుండి వేడియు నీరును వేగముగా హరించిపోవును. ప్రేగులతో సహా బిడ్డ దిగువభాగమును శుభ్రమైన, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చంకల వరకు ఉంచవలెను. ఎండిపోవు పొడిగుడ్డలు చుట్టరాదు. ప్రేగులు ఒకవైపునకు వ్రేలాడి వాని రక్తనాళములు మెలిపడకుండునట్లు బిడ్డను కుడిప్రక్కకు పరుండబెట్టవలెను. ముక్కుద్వారా కడుపులోనికి గొట్టము వేసి గాలి, పసరు తీసివేయవలెను. నోటికి పాలు పట్టరాదు. సిరకు ద్రవము ఎక్కించవలెను. ప్రతి కాన్పునందును పాటింపదగిన సూక్ష్మమొకటి కలదు. చిన్న ఒంఫలోసీల్ బొడ్డుతాడు మొదట లావుగా కన్పించునంతే. స్కాన్‌లో సైతము తప్పిపోవచ్చును. దానిని గమనింపక పొట్టకు దగ్గరగా క్లిప్పు వేసినచో, బొడ్డుతాడుతోపాటు లోపలి ప్రేగు తెగును. మొదలు లావుగానున్న బొడ్డును దూరముగా కట్టవలెను. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త ఒక శిశువు ప్రేగును కాపాడును.

ప్రసవమున తన పరిచారిక మరణించుటచే చలించిన యువరాణి నిలోఫర్ పూనికతో 1953లో హైదరాబాదున వెలసిన ఆసుపత్రి నేటికిని పేదశిశువులకు పెద్దదిక్కు. విశాఖ, గుంటూరు, కర్నూలు, తిరుపతి బోధనాసుపత్రులున్నవి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ జన్మలోపముల శస్త్రచికిత్సలను పెక్కింటిని భరించుచున్నది. ఇవన్నియు ఉండగా లోటెక్కడ? శస్త్రచికిత్సకు ఇంత యని మొత్తము కట్టి యిచ్చినంత మాత్రమున ఈ శిశువు బ్రతుకదు; సిరద్వారా పోషకద్రవము మూడునాలుగు వారములు నిరంతరాయముగా అందవలెను, ఆ సిరలోని గొట్టమునకు క్రిమి సోకకుండ రాత్రింబవళ్లు చూచుకొను నర్సులు చాలినంతమంది యుండవలెను. నర్సుల జీతములకు ధనము వెచ్చించుట శంకుస్థాపనవలె పదిమంది కంటబడదు. బిడ్డలను బ్రతికించునది మాత్రము అదే. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు జన్మలోపముల జాబితాలో గ్రహణమొర్రికి, వంకరపాదములకు, గుండెలోపములకు చోటు దొరకినది గాని, పొట్టగోడ లోపములకు విడిగా చోటు దొరకలేదు. రాష్ట్రములు తమంతట తామైనను వీనిని చేర్చి, టిఫా రిపోర్టులో ఈ లోపము వ్రాసిననాడే ఆ గర్భిణి పేరు జిల్లా అధికారికిని, పిల్లల సర్జన్‌కును చేరునట్లును, తల్లీబిడ్డల కార్డుపై ప్రసవింపవలసిన ఆసుపత్రి పేరు వ్రాయబడునట్లును, ఆమె పుట్టింటికి పోయినచో ఆ యూరి ఆశా కార్యకర్తకు కబురందునట్లును ఏర్పాటు చేయవలెను. యంత్రములు కొన్న ప్రభుత్వములకు ఇది మోయలేని భారము కాదు.

బిడ్డ కోలుకొనిన పిమ్మట తొలుత చుక్కలు చుక్కలుగా పట్టదగినది తల్లిపాలే. ఆ వారములన్నియు పాలు ఎండిపోకుండ పిండి భద్రపరచుటను తల్లికి మొదటినాటనుండియే నేర్పవలెను. ఇంటికి చేరిన పిమ్మట పసరు వాంతులైనను, పొట్ట ఉబ్బినను, ఎన్ని నెలలు గడచినను ఆలసింపక అదే సర్జన్‌కడకు కొనిపోవలెనని చెప్పవలెను. రెండవ కాన్పునకు భయపడి ఏండ్ల తరబడి మానుకొను దంపతులకు, గాస్ట్రోస్కైసిస్ మరల వచ్చుట నూటికి కొలదిమందిలోనే యనియు, ఒంఫలోసీల్ విషయమున తొలి బిడ్డకు జరిపిన క్రోమోజోము పరీక్షల ఫలితమునుబట్టి ఆ మాట తేలుననియు, తదుపరి గర్భమున 12 వారములు దాటిన పిమ్మట ఒక స్కాన్, ఐదవ నెలలో ఒక స్కాన్ తప్పక చేయించవలెననియు డిశ్చార్జి కాగితముమీదనే తెలుగులో వ్రాసి యియ్యవలెను.